'పడదు' నుండి 'ఎలర్జీ' వరకు: తెలుగు వ్యవహారంలో ఒక రోగభావన చరిత్ర

వ్యాససంగ్రహం

తుమ్ములు, దద్దుర్లు, ఉబ్బసం, దురద వంటి బాధలను ఒకే సూత్రం కిందికి తెచ్చిన 'ఎలర్జీ' అన్న మాట 1906లో పుట్టింది. అంతకుముందు తెలుగువారు ఈ బాధలను వేరువేరు పేర్లతో పిలుచుకున్నారు. వాటి వెనుక ఉన్న సంబంధాన్ని మాత్రం 'పడదు' అన్న ఒక్క క్రియతో చెప్పుకున్నారు. 20వ శతాబ్దపు మధ్యభాగంలో 'ఈస్నోఫీలియా' ఇంటి మాటయింది. తరువాత 'ఎలర్జీ' ఆ స్థానాన్ని ఆక్రమించింది. పేరు మారినప్పుడల్లా రోగి దినచర్య ఎట్లా మారిందో, పేరులోని అస్పష్టత ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పడదు, సాత్మ్యం, పథ్యం, శీతపిత్తం, ఉబ్బసం, ఈస్నోఫీలియా, ఎలర్జీ, వయ్యారిభామ

1. 'పడదు' అన్న క్రియ

"వంకాయ నాకు పడదు", "ఆ ఊరి నీళ్లు మాకు పడలేదు", "మంచుగాలి పిల్లవాడికి పడదు", "ఆ అన్నదమ్ములకు పడదు" అన్న వాక్యాలు తెలుగునాట ప్రతి ఇంటా వినిపించేవే. ఒకచోట ఆహారం, ఒకచోట నీరు, ఒకచోట గాలి, చివరకు మనిషి. క్రియ మాత్రం ఒక్కటే. మొదటి మూడు వాక్యాలలో వస్తువు కర్తగానూ, మనిషి 'కు' ప్రత్యయంతోనూ నిలిచారు. దోషం వంకాయదని గాని, తిన్నవానిదని గాని వాక్యం తీర్పు చెప్పదు. ఆ రెంటికీ పొత్తు కుదరలేదన్నదే దాని తాత్పర్యం. అదే బంతిలో కూర్చున్న పక్కవాడు అదే కూరను మారు వడ్డించుకొని తింటాడన్న లోకానుభవం ఈ నిర్మాణంలో ఇమిడి ఉంది. విషం ఎవరు తిన్నా విషమే. పడకపోవడం మాత్రం ఒక మనిషికీ ఒక వస్తువుకూ మధ్య జరిగే వ్యవహారం.

పాశ్చాత్య వైద్యం ఈ మెలికకు ఒక సిద్ధాంతరూపం ఇవ్వడానికి 20వ శతాబ్దం దాకా పట్టింది. అంతమాత్రాన తెలుగువారికి ఎలర్జీ శాస్త్రం ముందే తెలుసునని వాదించడం అతిశయోక్తి అవుతుంది. 'పడదు' పరిధి ఎంత విశాలమో అంత వదులు కూడా. పాలు తాగితే కడుపు ఉబ్బరించే పెద్దమనిషి పాలు పడవంటాడు. పాలచుక్క నోట పడగానే పెదవులు వాచి ఒళ్లంతా దద్దుర్లు లేచే పసివాడి తల్లి కూడా పాలు పడవనే అంటుంది. మొదటిది పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము తగ్గడం వల్ల కలిగే ఇబ్బంది. అతడు చాలావరకు పెరుగు, మజ్జిగ తీసుకోగలడు. రెండోది పాలలోని ప్రోటీనుపై రోగనిరోధక వ్యవస్థ చేసే దాడి. అక్కడ చెంచాడు పెరుగు కూడా ప్రమాదమే. కడుపుబ్బరానికీ ప్రాణాపాయానికీ ఒకే మాట సరిపోవడం ఈ క్రియకున్న బలహీనత.

'గిట్టదు', 'సయించదు', 'అరగదు' అన్న మాటలు దీనికి ఇరుగుపొరుగువి. గిట్టకపోవడంలో మనసుకు పాలుంది. సయించకపోవడం నాలుకకు చెందినది. అరగకపోవడం కడుపుకు చెందినది. శ్రద్ధగా మాట్లాడేవారు ఈ తేడాలు పాటిస్తారు. ఇష్టంలేని కూరను తప్పించుకోవడానికి పిల్లలు మాత్రం వీటన్నింటినీ వదలి 'పడదు' అన్న మాటనే ఎంచుకుంటారు. అది వాదానికి అందని కారణం కావడమే అందుకు హేతువు. ఈ దుర్వినియోగం వల్ల నిజంగా పడనివారి మాటకు విలువ తగ్గింది. వంకాయ తింటే నోరు దురద పెడుతుందన్నవారిని సాకులు చెప్పేవారిగా చూడడం పరిపాటి. మైసూరు పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం వంకాయకు నిజమైన ఎలర్జీ గలవారు ఉన్నారని చూపింది; మరికొందరిలో దురద ఆ కాయలో సహజంగా ఉండే పదార్థాల నేరుప్రభావం కావచ్చునని కూడా సూచించింది. సాకుగా కనిపించిన మాటకు ఇట్లా రెండు వేరువేరు కారణాలు దొరికాయి.

ఆయుర్వేదంలో ఈ క్రియకు సన్నిహితమైన భావన సాత్మ్యం. శరీరానికి హితమై ఇమిడిపోయేది సాత్మ్యం, ఇమడనిది అసాత్మ్యం. నిరంతరాభ్యాసం చేత ఒంటికి అలవాటైనదాన్ని ఓకసాత్మ్యం అన్నారు. మాధవనిదానం శీతపిత్తం, ఉదర్దం, కోఠం అని దద్దుర్లను విభజించింది. చరకసంహిత శ్వాసరోగాలలో తమకశ్వాసను ప్రత్యేకంగా వర్ణించింది. నేటి ఉబ్బసానికి అది చాలా దగ్గర. తుమ్ములతో ముక్కు కారే ప్రతిశ్యాయం మరొకచోట చెప్పబడింది. అయితే ఈ మూడింటినీ ఒక కుదురు నుండి పుట్టిన కొమ్మలుగా ఆ శాస్త్రం చూడలేదు. చర్మం, శ్వాస, ముక్కు వేర్వేరు అధ్యాయాలుగానే ఉండిపోయాయి. తెలుగు వాడుకలోనూ అంతే: దద్దుర్లు, ఉబ్బసం, పడిశం మూడు రోగాలు. పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత ఒక్కటే వాటి మధ్య చుట్టరికాన్ని పసిగట్టినట్లు కనిపిస్తుంది.

విరుద్ధాహార భావనను కూడా ఇక్కడే విడదీసి చూడాలి. చేపలు తిని పాలు తాగరాదన్న నియమం రెండు ఆహారాల మధ్య వైరం గురించినది. అది అందరికీ వర్తించే నిషేధం. పడకపోవడం ఒక ఆహారానికీ ఒక మనిషికీ మధ్య వైరం. లోకవ్యవహారంలో ఈ రెండూ కలిసిపోయి, ఒంటిమీద మచ్చ కనబడితే ఏ పూట ఏది కలిపి తిన్నారో ఆరా తీయడం ఆచారమైంది.

2. పేరు పుట్టిన తీరు

లండన్ వైద్యుడు జాన్ బాస్టాక్ 1819లో ఒక రోగి వృత్తాంతాన్ని అక్కడి వైద్యసంఘానికి సమర్పించాడు. ఏటా వేసవిలో కళ్లు మండి, తుమ్ములు వచ్చి, ఆయాసపడే ఆ రోగి బాస్టాకే. 1828 నాటికి తనవంటి వారిని మరో 28 మందిని మాత్రమే సేకరించగలిగాడు. మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ, తానూ అదే బాధపడుతూ, గడ్డిపూల పుప్పొడిని తన చర్మంపై గీరి, గాలిపటాలకు జిగురుపలకలు కట్టి ఎగురవేసి ఎత్తున ఉన్న గాలిలో పుప్పొడిని లెక్కించి, 1873లో గ్రంథం ప్రచురించాడు. పుప్పొడి మధ్యనే బతికే రైతులకు ఈ జబ్బు అరుదు, చదువుకున్న పట్టణవాసులకు ఎక్కువ అన్న అతని పరిశీలన నేటికీ చర్చనీయాంశమే. అదే 1873లో కలకత్తాలో డి.డి. కన్నింగ్‌హామ్ జైళ్ల ఆవరణలలోని గాలిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, పుప్పొడినీ శిలీంధ్రబీజాలనూ చిత్రాలతో సహా నమోదు చేశాడు. అతడు వెతికింది కలరా వంటి రోగాల కారణం కోసం. తుమ్ముల కారణం కంటికి ఎదురుగా ఉన్నా ఆ ప్రశ్న అతనిది కాదు. వలసపాలన వైద్యానికి తుమ్ములు, దద్దుర్లు పట్టించుకోదగిన వ్యాధులుగా తోచలేదు.

1902లో ఫ్రాన్సులో చార్లెస్ రిషే, పాల్ పోర్తియే సముద్రజీవుల విషాన్ని కుక్కలకు స్వల్పంగా ఎక్కించి, కొన్ని వారాల తరువాత మళ్లీ స్వల్పంగా ఎక్కించినప్పుడు అవి నిమిషాలలో మరణించడం చూశారు. రక్షణ కలుగుతుందని ఆశించినచోట మరణం ఎదురైంది. దానికి 'అనఫిలాక్సిస్' అని పేరుపెట్టారు. వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, డిఫ్తీరియా నివారణకు గుర్రపు సీరం ఎక్కించిన పిల్లలలో రెండో సూదికి జ్వరం, దద్దుర్లు ముందుకంటే త్వరగా రావడం గమనించాడు. ఒకసారి పరిచయమైన వస్తువుపట్ల శరీరం స్పందించే తీరు మారిపోతుందని గ్రహించి, 'వేరు', 'పని' అన్న అర్థాలుగల రెండు గ్రీకు మాటలను కలిపి 1906లో 'ఎలర్జీ' అన్న పదాన్ని కూర్చాడు. పిర్కే దృష్టిలో రక్షణకూ హానికీ ఇది ఉమ్మడి పేరు. తరువాతి వాడుకలో హాని అర్థమే మిగిలింది.

3. మదనపల్లె, భీమవరం, 'ఈస్నోఫీలియా'

'ఎలర్జీ' తెలుగు ఇళ్లలోకి రాకముందు ఆ స్థానంలో కూర్చున్న మాట 'ఈస్నోఫీలియా'. దీని చరిత్ర తెలుగునేలతో గాఢంగా ముడిపడి ఉంది. అయినా వైద్యచరిత్రలలో తప్ప తెలుగు సాంస్కృతిక చరిత్రలలో దీనికి చోటు దొరికినట్లు కనిపించదు.

అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 20వ శతాబ్దపు రెండో దశకంలో క్రైస్తవ మిషన్ల ఉమ్మడి యాజమాన్యంలో క్షయ చికిత్సాలయం వెలిసింది. డెన్మార్కుకు చెందిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానిని దీర్ఘకాలం నడిపాడు. అక్కడికి వచ్చిన రోగులలో కొందరు విచిత్రంగా కనిపించారు. దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు: అన్నీ క్షయ లక్షణాలే. కఫంలో మాత్రం క్షయక్రిమి లేదు. రక్తంలో ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు అపరిమితంగా పెరిగి ఉన్నాయి. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ ఈ రోగులను క్షయను పోలిన ప్రత్యేకస్థితిగా 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ లాన్సెట్ పత్రికలో దీనికి 'ట్రాపికల్ ఇయోసినోఫీలియా' అని పేరుపెట్టి, ఆర్సెనిక్ కలిసిన సూదిమందుతో గుణం కనిపిస్తుందని చెప్పాడు.

ఆ కాలంలో క్షయ అన్న తీర్పుకు ఎంత బరువుండేదో గుర్తుచేసుకుంటే ఈ వేరుచేత విలువ తెలుస్తుంది. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాలేదు. క్షయ అంటే నెలల తరబడి ఇల్లు విడిచి ఉండడం, విడిగా కంచం, విడిగా మంచం, ఇంట్లో ఆడపిల్ల ఉంటే సంబంధాలు వెనక్కిపోవడం. "క్షయ కాదు, ఈస్నోఫీలియా" అన్న ఒక్క వాక్యం ఒక కుటుంబాన్ని వెలి నుండి తప్పించగలదు. ఒక రోగం పేరు శుభవార్తగా వినబడిన సందర్భాలు వైద్యచరిత్రలో తక్కువ.

ఈ కథలో రెండో తెలుగు ముడి భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు ఆయన సారథ్యం వహించినప్పుడు బోదకాలు వ్యాధికి డైఈథైల్‌కార్బమజైన్ అన్న మందు 1947లో వెలుగుచూసింది. హెట్రజాన్ అన్న అంగడి పేరుతో అది ప్రసిద్ధమైంది. సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. 1950 దశకంలో అదే మందు ట్రాపికల్ ఇయోసినోఫీలియాకు కూడా పనిచేస్తుందని భారతీయ వైద్యులు చూపడం ఆయన చూడలేదు. మందు పనిచేసిన తీరే రోగకారణాన్ని పట్టించింది. దోమకాటుతో ఒంట్లో చేరిన ఫైలేరియా పిల్లపురుగుల పట్ల కొందరి శరీరం అతిగా స్పందించడమే ఈ జబ్బు. పురుగు అందరిలోనూ చేరవచ్చు. ఊపిరితిత్తులు ఇట్లా తిరగబడేది కొందరిలోనే. పిర్కే చెప్పిన 'మారిన స్పందన'కు కోస్తా జిల్లాల ఉదాహరణ ఇది. తెలుగు క్రియ భాషలో చెప్పాలంటే ఆ పురుగు వారికి పడలేదు.

ఇంతవరకు ఇది శాస్త్రవిజయం. పేరు ఇళ్లలోకి వచ్చాక జరిగింది వేరు. ఇయోసినోఫిల్ అన్నది ఒక కణం పేరు. 1879లో పాల్ ఎర్లిక్, ఇయోసిన్ అనే ఎర్రని రంగును పీల్చుకునే గుణాన్ని బట్టి దానికి ఆ పేరుపెట్టాడు. ఆ రంగు పేరులో ఉన్న 'ఇయోస్' గ్రీకుల ఉషోదేవత. సంస్కృత 'ఉషస్సు'కు జ్ఞాతిపదం. వేకువ రంగు పులుముకున్న కణం తెలుగు నోట 'ఈస్నోఫీలియా'గా, కొన్నిచోట్ల 'ఇస్నోఫీలు'గా మారింది. ఆ కణాలు కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి; ఉబ్బసంలో, ముక్కు ఎలర్జీలో, కొన్ని మందులు వికటించినా పెరుగుతాయి. అంకె పెరగడం ఒక సూచన మాత్రమే. వాడుకలో ఆ అంకే రోగమైంది. ఉదయాన తుమ్మేవారు, రాత్రి దగ్గేవారు, వానకాలంలో ఆయాసపడేవారు అందరూ ఈస్నోఫీలియా రోగులయ్యారు. రక్తపరీక్ష, ఆ తరువాత మూడు వారాల మాత్రలు, మళ్లీ రక్తపరీక్ష అన్న చక్రం ఒక తరం దినచర్యగా స్థిరపడింది. పురుగు వల్ల వచ్చిన దగ్గు ఈ చక్రంతో నయమైంది. ఉబ్బసం మాత్రం కాలానుగుణంగా తానే తగ్గి, తానే తిరగబెట్టింది. తగ్గినప్పుడు కీర్తి మాత్రకు దక్కింది.

ఈ పేరు నిలదొక్కుకోవడానికి సామాజిక కారణం కూడా ఉంది. 'ఉబ్బసం' తెలుగు సమాజంలో దాచవలసిన మాట. అది వంశంలో పాకుతుందన్న భయం, జీవితాంతం వదలదన్న నిరాశ దానిని అంటిపెట్టుకున్నాయి. పసిపిల్లల పిల్లికూతలను 'పాల ఉబ్బసం' అని పిలిచి, పాలు మానే వయసుకు అదే పోతుందని సరిపెట్టుకునేవారు. చాలామంది పిల్లలలో అది నిజంగానే తగ్గుతుంది. తగ్గనివారి విషయంలో ఆ పేరు కాలయాపనకు దారితీసింది. పెద్దవారి విషయంలో ఈస్నోఫీలియా, ఆ తరువాత 'డస్ట్ ఎలర్జీ', 'వీజింగ్' అన్న మాటలు మర్యాద ముసుగులయ్యాయి. పెళ్లిచూపులలో "కొంచెం ఈస్నోఫీలియా ఉంది" అనడం సాధ్యం. "ఉబ్బసం ఉంది" అనడం సాధ్యం కాదు. వైద్యులు కూడా ఈ లౌక్యాన్ని మన్నించారు. కాని దాచిన పేరుకు తగిన చికిత్స జరగదు. నోటితో పీల్చే ఇన్‌హేలరు నలుగురి ముందు తీస్తే గుట్టు బయటపడుతుంది. మాత్ర అయితే చాటుగా మింగవచ్చు. ఇన్‌హేలరులోని మందు మైక్రోగ్రాములలో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. మాత్రలోని స్టీరాయిడు మిల్లీగ్రాములలో ఒళ్లంతా తిరిగి ఎముకలను, చక్కెరను, రక్తపోటును దెబ్బతీయగలదు. అయినా 'అలవాటు పడిపోతుంది' అన్న అపవాదు ఇన్‌హేలరుకే మిగిలింది.

ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసరోగులకు కొర్రమీను పిల్లను మందుముద్దతో సహా మింగించే ఆచారాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. 'చేపమందు'గా పేరుపొంది, కాలక్రమంలో 'చేప ప్రసాదం'గా మారిన దానికి వైద్యపరీక్షల సమర్థన లేదు. దానివెంట నియమిత పథ్యం ఉంటుంది. ఉబ్బసరోగులు వేలసంఖ్యలో తమ రోగాన్ని దాచకుండా ఒకచోట నిలబడే సందర్భం తెలుగునాట దాదాపు ఇదొక్కటే. హేతువాద విమర్శ మందును గురించి న్యాయంగానే ప్రశ్నించింది. ఆ వరుస ఎందుకంత పొడవుగా ఉంటుందన్న ప్రశ్నను మాత్రం అది పట్టించుకోలేదు.

4. చర్మం మీది చరిత్ర: నల్లజీడి, వయ్యారిభామ

చర్మానికి సంబంధించిన ఎలర్జీలో శ్రామికుల చరిత్ర ఉంది. నల్లజీడి గింజల రసంతో చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు మెడ వెనుక, నడుము దగ్గర, సరిగ్గా చాకలిగుర్తు ఆనినచోట, బొబ్బలు లేచాయి. వైద్యపత్రికలు దానిని 'ధోబీ గుర్తు' చర్మవ్యాధిగా నమోదు చేశాయి. సైనికుని మెడకు వైద్యసాహిత్యంలో చోటు దొరికింది. రోజంతా ఆ రసాన్ని ముట్టుకున్న చాకలి చేతుల ప్రస్తావన అంతగా కనిపించదు. మామిడి సొనకు మూతి పొక్కడం, పలాస ప్రాంతపు జీడిపప్పు బట్టీలలో పెంకు తీసే స్త్రీల చేతులు నల్లబడి పొక్కడం ఒకే కుటుంబపు చెట్ల పని. వేళ్లకు నూనె లేదా బూడిద రాసుకొని పని మొదలుపెట్టడం వారు అనుభవంతో నేర్చిన రక్షణ.

వయ్యారిభామ కథ ఇంకా ఇటీవలిది. పార్థీనియం అన్న ఈ అమెరికా ఖండపు కలుపు 1950 దశకంలో పుణె వద్ద గుర్తింపుకెక్కి, కొద్ది దశాబ్దాలలో దేశమంతా పరుచుకుంది. పి.ఎల్. 480 ఒప్పందం కింద వచ్చిన అమెరికా గోధుమలతో దీని విత్తులు వచ్చాయన్నది బహుళ ప్రచారంలో ఉన్న కథ. అంతకు చాలాముందే ఇది దేశంలో ఉన్నట్లు వృక్షశాస్త్ర ఆధారాలున్నాయి కనుక గోధుమ ఓడ వ్యాప్తికి కారణమై ఉండవచ్చు గాని తొలి రాకకు కాదు. తెలుగులో దీనికి రెండు పేర్లు స్థిరపడ్డాయి: 'కాంగ్రెస్ గడ్డి', 'వయ్యారిభామ'. మొదటిది ఒక కాలపు రాజకీయ వ్యంగ్యం. రెండోది అందంగా కనబడి కీడుచేసేదానికి ఆడపేరు పెట్టే పాత అలవాటు. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం తగిలినవారిలో కొందరికి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, దురదపెట్టి, ఏళ్ల తరబడి చర్మం మొద్దుబారుతుంది. ఎండిన మొక్క పొడి గాలిలో తేలి వచ్చినా చాలు. పొలం గట్టున ఉత్తచేతులతో దానిని పీకే రైతు, కూలి దీని తొలి బాధితులు. 1984లో మెక్సికో నుండి తెచ్చి బెంగళూరు వద్ద వదిలిన ఒక పెంకుపురుగు ఆకును తింటుంది గాని, మొక్కను నిర్మూలించలేకపోయింది.

1963లో గెల్, కూంబ్స్ అన్న బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అతిస్పందనలను నాలుగు రకాలుగా వర్గీకరించారు. వేరుశనగ, పుప్పొడి వంటివి నిమిషాలలో విరుచుకుపడే మొదటి రకం. నల్లజీడి, వయ్యారిభామ ఒకటి రెండు రోజులు ఆగి లేచే నాలుగో రకం. రోగికి ఈ తేడా నేరుగా పనికివస్తుంది. దద్దురు లేచినప్పుడు గంటక్రితం తిన్నదేమిటో ఆలోచించాలి. పొక్కు లేచినప్పుడు మొన్న ముట్టినదేమిటో ఆలోచించాలి. రెండోవారు సామాన్యంగా నిన్నటి భోజనాన్ని నిందించి, మొన్నటి కలుపుతీతను మరచిపోతారు.

5. 'ఎలర్జీ' ఇంటిమాట అయ్యాక

1937లో దానియెల్ బోవే తొలి యాంటీహిస్టమిన్‌ను కనుగొన్నాడు. ఆ వర్గపు మందులు రెండో ప్రపంచయుద్ధం తరువాత అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో ఇమ్యునోగ్లోబులిన్-ఇ అనే ప్రతిరక్షకాన్ని గుర్తించారు. అదే దశకంలో లైడెన్ శాస్త్రజ్ఞులు ఇంటిదుమ్ములోని అసలు ముద్దాయి మట్టి కాదని, మనిషి చర్మపు పొట్టు తిని పరుపులో బతికే కంటికి కనబడని నల్లివంటి జీవి అని తేల్చారు. 'దుమ్ము పడదు' అన్నవారు వీధిదుమ్ముకు ముక్కు మూసుకొని, పాత దూదిపరుపు మీద ముఖం ఆనించి నిద్రపోవడంలోని విపరీతం అప్పుడు బయటపడింది. పరుపులు, దిండ్లు ఎండలో పడేసి దులిపే పాత ఇంటి ఆచారం ఈ జీవికి నిజంగానే శత్రువు. తేమ లేనిచోట అది బతకదు. అయితే దులిపే పని ఉబ్బసం ఉన్న ఇల్లాలికే అప్పగించడం ఆ మేలును మింగివేస్తుంది.

'ఎలర్జీ' అన్న మాట ఏ పారిభాషిక పదానికీ లొంగకుండా తెలుగులో స్థిరపడింది. అసాత్మ్యత, ప్రత్యూర్జత వంటి సంస్కృత కల్పనలు పుస్తకాలు దాటి రాలేదు. ఆసక్తికరమైన సంగతి, ఎరువుమాట వచ్చి 'పడదు' కుర్చీలోనే కూర్చుంది. "ఆయనంటే నాకు ఎలర్జీ" అన్న వాడుక "మా ఇద్దరికీ పడదు" అన్నదానికి నకలు. పాత క్రియలోని వదులుతనం కూడా కొత్త నామానికి వారసత్వంగా సంక్రమించింది. మందు వికటించినా ఎలర్జీ, పచ్చడి మంటపెట్టినా ఎలర్జీ. మార్పు మరొకచోట వచ్చింది. 'పడదు' అన్నవాడు ఆ వస్తువును మానేసేవాడు. 'ఎలర్జీ' అన్నవాడు మాత్ర వేసుకొని తింటున్నాడు.

ఈ మార్పులోని ప్రమాదం మొదటి రకం ఎలర్జీలో తీవ్రమైనదైన అనఫిలాక్సిస్ వద్ద తెలుస్తుంది. రొయ్యలు తిన్న కొద్దిసేపటికి దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకొని, ఊపిరి ఆడక, కళ్లు తిరిగితే అక్కడ సెట్రిజిన్ మాత్ర చాలదు. తొడకండరంలో అడ్రినలిన్ సూది పడాలి, అదీ నిమిషాలలో. మాత్ర వేసి, పడుకోబెట్టి, తగ్గుతుందేమోనని ఎదురుచూసే వేళలోనే ప్రాణం పోగలదు. దద్దుర్లు మాత్రమే ఉన్న స్థితినీ, దద్దుర్లతో ఊపిరి చిక్కిన స్థితినీ వేరుచేసే సామాన్యపదం తెలుగులో నేటికీ లేదు. రెంటికీ "ఎలర్జీ వచ్చింది" అన్న వాక్యమే దిక్కు. అంబులెన్సుకు ఫోను చేసినవారు ఈ వాక్యంతోనే సరిపెడితే అవతలివారికి తీవ్రత అందదు.

మానివేయడం కూడా అన్నివేళలా క్షేమం కాదని ఇటీవలి చరిత్ర చూపుతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో ఎలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ పెట్టవద్దని సలహా ఇచ్చి, 2008లో దాన్ని ఉపసంహరించుకుంది. 2015లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 640 మంది పసిపిల్లలపై జరిపిన ప్రయోగం, తొలి ఏడాదిలోనే వేరుశనగ పదార్థం తినిపించినవారిలో ఆ ఎలర్జీ చాలా తక్కువగా ఉన్నదని నిరూపించింది. నిషేధమే రోగాన్ని పెంచిందన్నమాట. బాలింతకూ బిడ్డకూ పప్పు, గుడ్డు, పల్లీ ఒకటొకటిగా తగ్గించుకుంటూ పోయే పథ్యసంప్రదాయాన్ని ఈ ఫలితం వెలుగులో తిరిగి తూచవలసి ఉంది. అనంతపురం వంటి వేరుశనగ సీమలో పిల్లలకు ఉడకబెట్టిన కాయ, బెల్లపు ఉండ చిన్ననాటి నుండి అలవాటు. ఓకసాత్మ్యం అన్న పాతమాట ఇక్కడ గుర్తురావడం సహజమే గాని, ఆ మాట అన్నవారు ప్రతిరక్షకాల మాట అన్నారని చదవడం తగదు. ఇప్పటికే ఎలర్జీ స్థిరపడిన పిల్లవానికి ఇంట్లో కొంచెం కొంచెంగా తినిపించి చూడడం మరీ తగదు. లెనార్డ్ నూన్ 1911లో పుప్పొడి సారాన్ని సూదిగా ఇచ్చి మొదలుపెట్టిన ఆ మార్గం నేటికీ వైద్యుని కళ్లముందు నడవవలసినదే.

భారత ఆహారభద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులు నిబంధనలు గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, చెట్టుగింజలు, సోయా, సల్ఫైట్లను పొట్లం మీద విడిగా చూపాలని చెబుతున్నాయి. ఆవాలు, నువ్వులు ఆ జాబితాలో లేవు. ఐరోపా జాబితాలో రెండూ ఉన్నాయి. అమెరికా 2021లో నువ్వులను చేర్చింది. ఆవపిండి, నువ్వులనూనె కలిసిన ఆవకాయ జాడీకి ఏ దేశపు లేబులూ ఉండదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దానిని తెరిచిన ఇంట్లో, బడిస్నేహితుని పుట్టినరోజు భోజనంలో దానిని వడ్డించేముందు, ఏమేమి కలిపారో చెప్పగలిగినది జాడీ నింపిన చేయి ఒక్కటే. ఆ చేతి మనిషి ఫోనులో అడిగే మొదటి మాట ఇప్పటికీ "ఆ పిల్లవాడికి ఏం పడదు?" అన్నదే. తినినప్పుడు ఏమవుతుందన్న రెండో ప్రశ్న అడిగే అలవాటు ఇంకా రాలేదు.